తరవాత ఏటైంది?

భిలాయిలో లా ఎంట్రన్సుకి చదివిన ఏడాది నా ప్రశ్నలన్నీ విన్నది మా స్టీలు ప్లాంటు క్వార్టర్ల లైన్లో పక్కింటి అత్తయ్య ఒక్కతే. మావయ్య పోయాక ఆవిడకి మాట్లాడే మనిషి లేదు. నేను సుపేలా బజార్లో కోచింగు నుంచి రాగానే బియ్యం చేట పట్టుకుని మా మెట్ల మీద కూర్చునేది. ఒకడి కుక్క ఇంకొకణ్ణి కరిచింది, పరిహారం ఎవరివ్వాలి? ఇలాంటివి తెలుగులో చదివి, జవాబు కూడా చెప్పేసేదాన్ని. ఆవిడ రాళ్లేరడం ఆపి అడిగేది: "తరవాత ఆడేటైపోనాడమ్మా?"

"అది ప్రశ్నలో లేదత్తా," అని విసుక్కునేదాన్ని.

పరీక్షకి నాలుగు రోజుల ముందు తనే ఒక ప్రశ్న వేసింది.

"ఒకావిడుంది. క్వార్టరు మొగుడి పేరునుంది. ఆడు పోనాడు. ప్లాంటోళ్లిచ్చిన గడువూ అయిపోనాది. ఆవిడింకా ఉండొచ్చా?"

"ఉండకూడదు. ఖాళీ చెయ్యాల్సిందే," అన్నాను, తడుముకోకుండా చెప్పగలిగిన హుషారులో.

ఆవిడ తలూపి చేట అందుకుంది. ఆ ఒక్కసారి మాత్రం తరవాతేమైందని అడగలేదు.

రాయపూర్‌లో పరీక్ష రాసొచ్చేసరికి పక్క తలుపుకి కొత్త తాళం వేసుంది. ఆవిడేమైందని మా లైన్లో ప్రతి గుమ్మం దగ్గరా ఆగి అడిగాను. ఎవరికీ తెలీదు.