వాగు నీళ్ళూ, బావగారి చీవాట్లూ

మా బావగారికి మామూలుగా మాట్లాడటం రాదు. తిట్టడం ఒక్కటే వచ్చు. మంచినీళ్ళు కావాలన్నా తిట్టే అడుగుతారు. ఇచ్చాక తాగి, మళ్ళీ తిడతారు. "ఈ గ్లాసు ఎవడు కనిపెట్టాడు? మూడు గుటకలకి అడుగు కనబడుతోంది! దాహం వేసినవాడికి ఇచ్చేదేనా ఇది? కంట్లో మందు వేసుకోడానికి సరిపోతుంది!"

బావగారంటే మా ఆయనకి అన్నగారు. ట్రక్కులు బాగుచేసే మెకానిక్. ఆయన రేకుల షెడ్డుకి ఒక బోర్డుంది, దానిమీద ఒక పేరుంది, ఆ పేరేమిటో ఎవరికీ గుర్తులేదు. అందరూ 'చీవాట్ల షెడ్డు' అనే అంటారు. ఒక్క బూతుమాట ఉండదు. అయినా ఆయన నోట్లో పడి బయటికొచ్చిన మనిషి ఉతికి, పిండి, ఆరేసిన చొక్కాలా ఉంటాడు.

ఒకసారి ఎవరో పొరపాటున ఆయనకి ఫోన్ చేశారు. నంబరు తప్పు. అంకెలు నొక్కేటప్పుడు కళ్ళు ఎక్కడ పెట్టుకున్నావని మొదలుపెట్టి బావగారు పావుగంట తిట్టారు. మధ్యలో అవతల కారు హారన్ వినబడింది. "బండి నడుపుతూ ఫోన్ మాట్లాడుతున్నావా?" అని ఇంకో పావుగంట. "ఆ హారన్ గొంతేమిటి, జలుబు చేసిన మేకలా? ఎన్నాళ్ళైంది దాన్ని చూపించి?" అని మరో పది నిమిషాలు. మర్నాడు ఆ మనిషి అడ్రసు వెతుక్కుంటూ కారు తీసుకుని షెడ్డుకి వచ్చాడు. ఇప్పటికీ వస్తూనే ఉన్నాడు.

ఇంత కోపానికి రక్తపోటు తప్పకుండా ఉంటుందని అక్క, అంటే నా తోడికోడలు, బలవంతంగా డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది. చూస్తే పసిపిల్లాడికి ఉన్నట్టు ఉంది. "మిషను పాడై ఉంటుంది, దీన్ని ఎవడు చూస్తున్నాడు?" అని బావగారు అక్కడే మొదలుపెట్టారు. బయటికొచ్చేటప్పటికి రక్తపోటు డాక్టరుకి వచ్చింది.

అలాంటి మనిషి చేతిలో నేను పడ్డాను. నీళ్ళతో సహా పడ్డాను.

మా అత్తగారు తేనెటీగలు పెంచుతారు. నలభై పెట్టెలు. ఏ చేను పూతమీద ఉంటే ఆ చేను గట్టుకి పెట్టెలు చేర్చాలి, పూత అయిపోగానే తెచ్చేయాలి. దానికో ట్రక్కు ఉంది. ఇరవై ఏళ్ళు ఆవిడే నడిపారు. మోకాళ్ళు మొరాయించాక కూడా ఆ తాళంచెవి కొంగున ముడేసుకుని తిరిగారు తప్ప ఎవరికీ ఇవ్వలేదు. మా ఆయనకి స్టీరింగు ముందు కూర్చుంటే కళ్ళు తిరుగుతాయి. నేను డ్రైవింగ్ నేర్చుకుని ఆరు నెలలు బతిమాలాను. ఆఖరికి ఇచ్చారు. ఇస్తూ ఒకే మాట చెప్పారు.

"దారిలో వాగుంది. ప్రతిసారీ బండి ఆపు. దిగు. కర్రతో లోతు చూడు. అప్పుడే దాటు. సరేనా?"

"సరే అత్తయ్యా."

పొద్దున వెళ్ళేటప్పుడు ఆపాను, దిగాను, చూశాను. చీలమండ తడవలేదు. పెట్టెలన్నీ పొద్దుతిరుగుడు చేను గట్టున దింపి మధ్యాహ్నం వెనక్కి వచ్చేసరికి వాగు ఎర్రగా ఉంది. పైన ఎక్కడో వాన పడింది కాబోలు. 'పొద్దున దాటిందేగా' అనుకున్నాను. అసలు నిజం చెప్పాలంటే, గట్టుమీద ఇద్దరు మనుషులు నిలబడి చూస్తున్నారు. ఆడది ట్రక్కు ఎలా దాటిస్తుందో చూద్దామన్నట్టు చూస్తున్నారు. చూపిస్తాను ఉండండని గట్టిగా తొక్కాను.

బాగానే చూపించాను. ముందు అద్దం మీదికి ఎర్రటి నీళ్ళు ఎగిశాయి. సరిగ్గా వాగు మధ్యలో ఇంజను 'గుడ్' మని ఒక్క చప్పుడు చేసి ఆగిపోయింది. తలుపు సందుల్లోంచి నీళ్ళు వచ్చి సీటు ఎక్కాయి. గట్టుమీద వాళ్ళిద్దరే పాపం ట్రాక్టరు తెచ్చి లాగారు. అక్కణ్ణించి అలాగే చీవాట్ల షెడ్డుకి.

బావగారు బండి చుట్టూ ఒక ప్రదక్షిణ చేశారు. గాలి ఫిల్టరు తీసి పిండారు. నీళ్ళు కారాయి. నావైపు తిరిగారు.

"ఆగిపోయాక సెల్ఫ్ కొట్టావా?"

"కొంచెం..."

"కొంచెమంటే? కూరలో ఉప్పా? ఎన్నిసార్లు?"

"అయిదు."

ఆయన పక్కనున్న పాత టైరు మీద కూలబడ్డారు. "అయిదు! నీళ్ళు మింగి పొలమారి గుడ్లు తేలేసినవాణ్ణి లేపి, అయిదుసార్లు పరుగు పెట్టమన్నావా? గాలిని నొక్కితే నలుగుతుందమ్మా! నీళ్ళు నలుగుతాయా? నలగవు! లోపల ఇనప రాడ్డే వంగుతుంది! నీ మొండితనంతో ఇనుముని వంచుదామనుకున్నావా?"

అక్కడ మొదలైంది. ముందు బ్యాటరీ తీగలు ఊడదీస్తూ తిట్టారు. ఇంజను తలమీద డీజిల్ చిమ్మే నాలుగు ఇంజెక్టర్లూ విప్పి, చేత్తో ఇంజను తిప్పితే, లోపలి నీళ్ళు పిచికారీలా ఆయన మొహం మీద చిమ్మాయి. మొహం తుడుచుకోకుండానే తిట్టారు. అడుగున బిరడా తీస్తే నల్లగా రావాల్సిన ఆయిల్ చిక్కటి పాలు పోసిన కాఫీలా వచ్చింది. "పంచదార కూడా కలిపేదానివిగా తల్లీ, అందరం తాగేవాళ్ళం!" గేర్‌బాక్స్ ఆయిలూ అంతే, వెనక ఇరుసులోదీ అంతే. సీట్లు పీకి ఎండలో పెడుతుంటే సీటు కిందనుంచి చిన్న ఎండ్రకాయ ఒకటి బయటికొచ్చి అడ్డంగా నడిచిపోయింది.

"దీన్నెక్కడ ఎక్కించుకున్నావు? టిక్కెట్టు కొట్టావా?"

షెడ్డులో ఉన్నవాళ్ళంతా నవ్వారు. నాకు ఒళ్ళు మండిపోయింది. తప్పు నాదే, కాదనను. అలా అని పదిమందిలో, గంటల తరబడా? మా ఆయన వైపు చూశాను. ఆయన "మంచినీళ్ళు తాగొస్తా" అని వెళ్ళాడు. అన్నగారు నోరు విప్పినప్పుడల్లా ఈయనకి దాహం వేస్తుంది. నేను పళ్ళు నూరుకుంటూ, తడిసిన తీగల చివరలు గుడ్డతో తుడుస్తూ, బావగారు అన్న ప్రతి మాటకీ మనసులో రెండేసి మాటలు అప్పజెప్పాను.

మర్నాడు అత్తగారు వచ్చారు. అదీ అసలు భయం. ఆవిడ కొడుకులా అరవరు. కోపం వస్తే ఆవిడ మాట సన్నబడుతుంది. ఎండలో పరిచిన సీట్లనీ, వరసగా పేర్చిన ఇనప ముక్కల్నీ చూశారు. నా ఎదురుగా వచ్చి చెయ్యి చాపారు. తాళంచెవి ఇచ్చాను. పిడికిలి బిగించారు.

"దిగి చూశావా?"

"లేదత్తయ్యా."

"మంచిది. రేపట్నుంచి ఇంట్లో కూర్చుని తేనె సీసాలకి చీటీలు అంటించు. బండి సంగతి నీకెందుకు."

అంతే. నా ప్రాణం అక్కడే పోయింది. ఆవిడ ఒకసారి అన్నారంటే ఇక దానికి తిరుగులేదు. ఇరవై ఏళ్ళ క్రితం నోరుజారిన ఒక చుట్టంతో ఈనాటికీ మాట్లాడరు.

సరిగ్గా అప్పుడు బావగారు బండి కిందనుంచి పాక్కుంటూ వచ్చారు.

"చీటీలా? ఈ పిల్లకా? తలకిందులుగా అంటిస్తుందమ్మా! సీసాలు పగలగొడుతుంది! అసలు దీనికి సైకిలివ్వకూడదు! కాళ్ళున్నాయని నడవనివ్వకూడదు! ఇంజను చచ్చింది! ఈ బండి ఇక కోళ్ళు పడుకోడానికి తప్ప పనికిరాదు! ఇలాంటి మనిషిని ఇంట్లో ఎలా పెట్టుకున్నావు నువ్వు?"

"సర్లేరా," అన్నారు అత్తగారు.

"సర్లే ఏమిటి? ఈ బుర్రలో మట్టి ఉన్నా బాగుండేది, కనీసం వాగులో కలిసిపోయేది!"

నాకు కళ్ళనీళ్ళు వచ్చేశాయి. బాధతో కాదు, కోపంతో. ఈ మనిషికి గుండె ఉన్నచోట కూడా రెంచి ఉందనుకున్నాను. ఇంతలో ఆయన "ఏడుస్తూ నిలబడితే పనవుతుందా? వచ్చి ఈ లైటు పట్టుకో!" అని గర్జించి, నన్ను బానెట్ కిందికి పిలిచారు. తల లోపలికి పెట్టాను. ఆయన కూడా పెట్టారు. అప్పుడు ఒక గొంతు వినబడింది. మెత్తగా, నిదానంగా, ఊరడిస్తున్నట్టు. ఎవరిదా అని వెనక్కి చూడబోయాను. బావగారిదే.

"భయపడకమ్మా. రాడ్డు వంగలేదు, నిన్ననే చూశాను. ఇంజను నిక్షేపంలా ఉంది. తలొంచుకుని నిలబడు చాలు. అమ్మ పిడికిలి ఇంకా విప్పలేదు. ఇంకో రెండు నిమిషాలు తిడితే విప్పుతుంది."

నా చేతిలో లైటు జారబోయింది. ఆయన అప్పటికే తల బయటపెట్టి మళ్ళీ తిట్లు అందుకున్నారు. "లైటు పట్టుకోడం కూడా రాదు! ఏం నేర్పించి పంపారో వీళ్ళవాళ్ళు!"

"ఒరేయ్!"

షెడ్డు రేకులు అదిరాయి. అత్తగారు అంత గట్టిగా అరవగలరని నాకు తెలియదు.

"నోరు ముయ్యి! ఏమనుకుంటున్నావు? అది నా కోడలు! పదహారేళ్ళప్పుడు ఇదే బండిని నువ్వు బావిగట్టుకి గుద్దలేదూ? నేనొక్క మాటన్నానా? ఒంటిచేత్తో నలభై పెట్టెలు చేర్చొచ్చింది, అది కనబడదా నీకు?" అని నా చెయ్యి లాగి, తాళంచెవి అరచేతిలో కొట్టినట్టు పెట్టారు. "ఇప్పుడే కబురొచ్చింది. ఇవాళ్టికి అయిదో రోజున పక్క చేలల్లో పురుగుల మందు కొడతారట. ఈలోగా పెట్టెలు తేకపోతే ఈగ మిగలదు. నువ్వే తెస్తున్నావు. నువ్వు మాత్రం," అని కొడుకు వైపు వేలు చూపించారు, "నెలరోజులు నా గడప తొక్కావో, చూడు!"

ఆవిడ వెళ్ళిపోయారు. బావగారు తాపీగా చేతులు తుడుచుకున్నారు. నాకు ఆ షెడ్డులో చూసినవి ఒక్కొక్కటే అర్థం కావడం మొదలైంది. ట్రక్కు గోతిలో దించిన డ్రైవర్ని పనిలోంచి తీసేస్తానని వచ్చిన యజమాని, "పోనీ పాపం, పిల్లలవాడు, వదిలేయండి" అని బావగార్నే బతిమాలి, డ్రైవర్ని వెంటబెట్టుకుని వెళ్ళిన సంగతి నేను కళ్ళారా చూశాను. కొడుకుని కొట్టబోయిన తండ్రి ఆ కొడుక్కి అడ్డం నిలబడటం చూశాను. ఈయన ముందే అంత తిట్టేస్తే, తిట్టాల్సినవాళ్ళకి ఇంకేం మిగులుతుంది?

"బావగారూ, అయితే మీకు నిజంగా కోపం రాలేదా?" అన్నాను.

ఆ మాట అడగకుండా ఉండాల్సింది.

"ఎందుకు రాలేదు? ఒంటరిగా ఎర్రనీళ్ళలో దిగుతావా? బండి పోతే ఇంకో బండి వస్తుంది! నువ్వు కొట్టుకుపోతే విప్పి బాగుచెయ్యడానికి నువ్వేమైనా గేర్‌బాక్స్‌వా?" ఈసారి అసలువి. ముప్పావుగంట. మా ఆయన నాలుగు గ్లాసులు తాగాడు.

నాలుగో రోజుకి బండి సిద్ధమైంది. ఆయిళ్ళన్నీ రెండేసిసార్లు మార్చారు, చక్రాలు విప్పి కొత్త గ్రీజు పెట్టారు, సీట్లు ఎండాయి. పెట్టెలు తేవడానికి నేనూ అత్తగారూ ముందు కూర్చున్నాం. బావగారు పిలవకుండానే వచ్చి వెనక ఎక్కారు. తల్లీకొడుకులు ఒకరి మొహం ఒకరు చూసుకోలేదు.

వాగు దగ్గర ఆపాను. నేను దిగేలోపే బావగారు దూకి, ప్యాంటు మడిచి, కర్ర పట్టుకుని నీళ్ళలోకి దిగారు. నేను మొదటి గేరులో ఆయన అడుగు వెంట అడుగులా కదిలాను. ఆయన ముందు నడుస్తూ వాగుని తిడుతున్నారు.

"పొద్దునొక లోతు, మధ్యాహ్నమొక లోతు! ఒక మాటమీద ఉండటం తెలియదా? నీకు గట్లెవడు పెట్టాడసలు?"

అత్తగారు కిటికీలోంచి ఎటో చూస్తూ అన్నారు. "రాళ్ళకి పాచి ఉంది. జాగ్రత్తగా నడవమని చెప్పు వాడికి."

తల బయటపెట్టి చెప్పాను.

"ఆవిడకేం? నేను పడితే ఆవిడకేం? గడప తొక్కొద్దన్న మనిషేగా!"

అత్తగారు నావైపు తిరిగారు. "రాత్రికి భోజనానికి రమ్మను."

అదీ చెప్పాను. బావగారు గభాల్న వెనక్కి తిరిగారు. తిరగడంలో కాలు జారింది. కర్ర ఒకవైపు, ఆయన ఒకవైపు. ఎర్రనీళ్ళలో మనిషి పూర్తిగా కనబడకుండా పోయి, మళ్ళీ లేచి కూర్చున్నారు. నీళ్ళు నడుందాకా ఉన్నాయి. జీవితంలో మొదటిసారి ఆయన నోట మాట లేదు. అత్తగారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

బావగారు మొహం తుడుచుకుని, ఊపిరి పీల్చుకుని, నావైపు వేలు చూపించారు.

"చూశావా అమ్మాయ్? లోతు చూడటమంటే ఇలా చూడాలి!"