గడ్డిదూడ

"రిలాక్స్ అవ్వమ్మా" అన్న మాట వింటే నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. కడుపు నిండినవాళ్ళు ఆకలిగా ఉన్నవాళ్ళకి చెప్పే మాట అది. చెప్పినవాళ్ళకి ఖర్చు లేదు, విన్నవాళ్ళకి లాభం లేదు.

మా అబ్బాయి ఏడో నెల దాటగానే పుట్టేశాడు. రాజమండ్రిలో ఓ ప్రైవేటు ఆసుపత్రిలో ఆపరేషన్ చేసి తీశారు. నాకు తెలివి వచ్చేసరికి వాణ్ణి పై అంతస్తులో గాజుపెట్టెలో పెట్టేశారు, నన్ను కింద గదిలో పడుకోబెట్టారు. వాడికి చప్పరించే శక్తి లేదు. ముక్కులోంచి సన్నటి గొట్టం వేసి, అందులో నా పాలు పోసేవారు. డబ్బాపాలు పోస్తే వాడి పేగులు తట్టుకోలేవని పిల్లల డాక్టరుగారు ముందే చెప్పేశారు. అంటే వాడు బతకాలంటే నాకు పాలు పడాలి. అంతకుమించి నేను చెయ్యగలిగింది లేదు.

మొదట్లో బాగానే పడ్డాయి. చేత్తో పిండి చిన్న స్టీలు గ్లాసులో పోస్తే, మా అమ్మ దాని మీద కొంగు కప్పి, ఎవరి కళ్ళూ పడకుండా పైకి పట్టుకెళ్ళి నర్సుకి ఇచ్చేది. తరవాత తరవాత గ్లాసు అడుగు కూడా సరిగ్గా తడవడం మానేసింది. పిండి పిండి రొమ్ములు కమిలిపోయాయి తప్ప చుక్క రాలేదు.

ఇక చూడాలి జనాన్ని. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ నా మొహం వంక కాకుండా నా జాకెట్టు వంక చూసి, "పాలు పడుతున్నాయా?" అని అడిగేవారు. సొరచేప పిట్టు తినమని ఒకరు, వెల్లుల్లి వేయించుకు తినమని ఒకరు. వీళ్ళు నయం, కనీసం వండుకొచ్చేవారు. మనసులో ఏమీ పెట్టుకోవద్దని చెప్పి పోయేవాళ్ళని చూస్తే ఒళ్ళు కంపరమెత్తేది. మనసేమన్నా అటకా, ఎక్కినవన్నీ నిచ్చెన వేసి దించుకోడానికి? మా ఆయన సామర్లకోట నుంచి ఆదివారం వచ్చి, "టెన్షన్ పడకు" అని చెప్పి, ఎదురుగా హోటల్లో భోజనం చేసి, సాయంత్రం బండికి వెళ్ళిపోయేవారు. ఆయన టెన్షన్ పడకుండా ఎలా ఉండాలో చేసి చూపించారనుకోవాలి.

ఈ పని కోసం ఆసుపత్రివాళ్ళు ఓ మేడంగారిని కూడా పెట్టారు. యజమానికి దగ్గరి చుట్టమట. మద్రాసులో ఏదో కోర్సు చేసొచ్చారట. రోజూ మధ్యాహ్నం బిడ్డలు పైనున్న తల్లులందరినీ హాల్లో చాపల మీద వరసగా పడుకోబెట్టేవారు. కుట్లు లాగుతుంటే మేమంతా మూలుగుతూ పడుకునేవాళ్ళం. మేడంగారు మాత్రం కుర్చీలో కూర్చుని, గొంతులో తేనె కలుపుకుని మొదలెట్టేవారు. "మీ కాలి బొటనవేలు నిద్రపోతోంది. మీ మోకాలు నిద్రపోతోంది." నా బొటనవేలికి ఏం రోగం, అది హాయిగానే ఉంది. నిద్ర లేనిది నాకు.

బొటనవేలూ మోకాలూ నిద్రపోయాక టేప్‌రికార్డర్‌లో సముద్రం మోగేది. అలలు వచ్చి వెళ్తున్న చప్పుడు. సముద్రపొడ్డున చల్లగాలికి పడుకున్నట్టు ఊహించుకోమనేవారు. ఆవిడ ఎన్నడైనా సముద్రం పక్కన ఇల్లు కట్టుకుని ఓ వానాకాలం గడిపారో లేదో నాకు తెలియదు. నా పక్కచాప మీద పడుకునే అమ్మాయి గడిపింది. వాళ్ళది తీరంలో చేపల వేటకెళ్ళే కుటుంబం. ఆ పిల్లకి ఆడపిల్ల పుట్టింది, మా వాడి పక్కపెట్టెలోనే ఉండేదట. మొదటిసారి ఆ చప్పుడు వినగానే ఆమె చప్పున లేచి, కిటికీ దగ్గరికెళ్ళి ఆకాశం వంక చూసింది.

"మా ఊళ్ళో సముద్రం ఇలా ఘోషపెట్టిందంటే వాయుగుండం వత్తన్నట్టండి," అంది. "మావోడు ఏటకెళ్ళేడండి."

మేడంగారు నవ్వి, నెగెటివ్ ఆలోచనలు మానుకోమన్నారు. తుఫాను హోరు వినిపించినవాళ్ళది తప్పు కాదు, విని భయపడ్డవాళ్ళది తప్పు. ఆ పిల్ల తిరిగొచ్చి పడుకుని, క్యాసెట్ అయ్యేదాకా పిడికిళ్ళు విప్పలేదు.

అసలు సంగతి ఎవరూ అడగలేదు. నేను నా బిడ్డని ఇంకా చూడలేదు. ఇన్‌ఫెక్షన్ అని ఆసుపత్రివాళ్ళు తల్లుల్ని పైకి రానిచ్చేవారు కాదు. వాళ్ళకి తోడు మా అమ్మ. పచ్చి బాలింత మెట్లెక్కకూడదంది. అన్ని దిష్టుల్లోకీ తల్లి దిష్టి చెడ్డది, వాడు కాస్త ఒళ్ళు చేశాక చూద్దువుగానిలే అంది. ఎలా ఉన్నాడని ఎప్పుడడిగినా అందరిదీ ఒకటే మాట, ఒకటే మొహం. "బాగున్నాడు. నువ్వు రిలాక్స్ అవ్వు."

నాకు మా ఇంటి గేదె గుర్తొచ్చేది. మాది కొవ్వూరు పక్కన వ్యవసాయం ఇల్లు. నా చిన్నప్పుడు ఓసారి ఈనిన గేదెకి దూడ చచ్చిపోయింది. దూడ లేకపోతే గేదె చేపదు, పాలు పైకి ఎగబట్టేస్తుంది. అందుకని మా నాన్న ఆ దూడ తోలు వలిపించి, ఎండబెట్టి, అందులో గడ్డి కూరించి, కర్రకాళ్ళు పెట్టించి గేదె ముందు నిలబెట్టించాడు. అది ఆ తోలుని నాకుతూ నాకుతూ పాలిచ్చేది. మేమందరం ఆ పాలు తాగాం.

ఆసుపత్రి మంచం మీద పడుకుని నేను ఆ గడ్డిదూడ గురించే ఆలోచించేదాన్ని. వీళ్ళు చెప్పే "బాగున్నాడు" కూడా అలాంటిదే అయితే? కుట్లు ఆరేదాకా నన్ను మభ్యపెడుతున్నారేమో. నా గ్లాసు పైకి వెళ్తోంది, అక్కడ తాగేవాడు ఉన్నాడా లేడా? ఈ మాట నోటితో అనడానికి భయం, అంటే నిజమైపోతుందేమోనని. ఇది మనసులో పెట్టుకుని బొటనవేలుని నిద్రపుచ్చితే పాలెక్కడినుంచి వస్తాయి?

ఓ మధ్యాహ్నం మేడంగారు సముద్రం ఆపి, కొత్త పాఠం ఎత్తుకున్నారు. మీ బిడ్డ మీ ఒళ్ళో పడుకుని నవ్వుతున్నట్టు ఊహించుకోండి అన్నారు. నేను లేచి కూర్చున్నాను.

"ఊహించుకోవడం ఎందుకండీ, పైనే ఉన్నాడంటున్నారుగా. మా ఇంట్లో గేదెకి కూడా దూడని చూపించే పాలు పిండుతారు. నాకు చూపించండి."

మేడంగారు నొచ్చుకున్నారు. చదువుకున్నవాళ్ళు, గేదెతో పోల్చుకుంటారేంటండీ అన్నారు.

"చదివింది నేనండి. నా రొమ్ము చదవలేదు."

ఆ తరవాత ఆవిడ ఏమన్నారో నేను వినలేదు. పక్కచాప అమ్మాయి లేచి నా రెక్క పట్టుకుంది. ఇద్దరం కుట్లు చేత్తో అదుముకుని మెట్లెక్కాం. మా అమ్మ, దిష్టి, కుట్లు, గాలి అంటూ వెనకాలే వచ్చింది. పైనున్న నర్సు గుమ్మానికి అడ్డం నిలబడింది. కానీ మా ఇద్దరి వాలకం చూసి ఏమనుకుందో, చేతులు కడిగించి, మూతికి గుడ్డలు కట్టి, రెండు నిమిషాలే అని లోపలికి వదిలింది. ఆ అమ్మాయి పక్కపెట్టెలో కాళ్ళాడిస్తున్న తన కూతురి దగ్గరికి వెళ్ళిపోయింది.

గాజుపెట్టెలో ఉన్నవాడు అందగాడేం కాదు. ఒళ్ళంతా ముంజెలా ఉంది, లోపలి నరాలు కనిపిస్తున్నాయి. భుజాల మీద నూగు. ముక్కులో గొట్టం. నేను చూస్తుండగా కాలు ఒక్కసారి ఝాడించి, లోకమంతా తనకేదో అపకారం చేసినట్టు మొహం చిట్లించాడు. ఆ చిరాకు మొహం మా రెండు వంశాల్లోనూ నాది తప్ప ఇంకెవరిదీ కాదు. బతికే ఉన్నాడు. నా కొడుకే.

నాకు చేపు వచ్చింది. ఎవరూ పిండకుండానే జాకెట్టు తడిసి, చీర తడిసి, పొట్ట మీదికి కారింది. నర్సు గబగబా గిన్నె తెచ్చి ఇస్తే మా అమ్మ అందుకుని నా రొమ్ము కింద పట్టుకుంది. దిష్టి మాట ఎత్తలేదు. ఆవిడ కళ్ళు తుడుచుకుందామన్నా చెయ్యి ఖాళీ లేదు.

తన రిలాక్సేషన్ పనిచేసిందని మేడంగారు సాయంత్రానికల్లా ఆసుపత్రంతా చెప్పేశారు. మర్నాడు కొత్తగా చేరిన తల్లుల ముందు నన్ను కుర్చీలో కూర్చోబెట్టి, మీకు పాలు ఎలా వచ్చాయో వీళ్ళకి చెప్పండి అన్నారు. చాపల మీద పడుకున్నవాళ్ళు తలలు తిప్పి నా వంక చూశారు. వాళ్ళు అడగలేకపోతున్నదేమిటో నాకు తెలుసు.

"పైకెళ్ళి చూసుకోండి," అన్నాను. "బతికే ఉన్నారు."

ఓ పిల్ల బావురుమంది. తరవాత ఒక్కొక్కరే గోడ పట్టుకుని లేచి మెట్ల వైపు నడిచారు. మేడంగారు ఏం చెయ్యాలో తోచక టేప్‌రికార్డర్ మీట నొక్కారు. ఖాళీ చాపల మధ్య సముద్రం మోగుతూ ఉంది.