బొమ్మలో కనబడ్డదే చెప్పాలి

నా చిన్నప్పుడు మానుకోట దగ్గరి మా ఊళ్లో ఎవరు ఏది మా వైపు గురిపెట్టినా చేతులెత్తేవాళ్లం. తుపాకీకి ఎత్తాం, గొడుగుకు ఎత్తాం, ఒకసారి గుమ్మడికాయ తొడిమకూ ఎత్తాం. ఊరి పక్కన క్యాంపు వేసిన పోలీసులు మాకు నేర్పిన మొదటి పాఠం అది.

అందుకే మా బడి పంతులమ్మ నల్లటి డబ్బా కెమెరాను మా వైపు తిప్పగానే, ఆరేళ్లు నిండని ముప్పై మందిమి అరవై చేతులు లేపాం. నేనైతే ఎత్తిన చేతులతోనే బోర్లా పడుకున్నాను. మా నాయిన అడవిలో దళంతో ఉన్నాడు. ఆ గాజు కన్ను నా కడుపులో దాచిన మాటను లాగేస్తుందని నా భయం.

పంతులమ్మ నన్ను లేపి డబ్బా నా చేతికే ఇచ్చింది. "నువ్వే నన్ను ఫొటో గుంజు బిడ్డా" అని తానే చేతులెత్తి నిలబడింది. కడిగించడానికి పంపితే కొన్నాళ్లకు వరంగల్ నుంచి ఫొటో వచ్చింది. తల లేదు, చేతులే ఉన్నాయి. అయినా "మా పంతులమ్మ!" అని అరిచాం.

"మొకమే లేదు గద, నేనని ఎట్ల చెప్తరు? కండ్లకు కనవడ్డదే చెప్పుండ్రి" అంది.

ఆ రోజు నుంచి అదే మా చదువు. ఫొటో చూపి "ఏమున్నది?" అనేది. "మా మామ ఎద్దు" అన్నవాడికి ఏమీ లేదు. "కొమ్ములు, తోక, మువ్వలు" అన్నవాడికి పల్లీలు.

ఒక పొద్దున, ద్వారం పట్టని మీసాలతో పక్కకు తిరిగి, పోలీసు క్యాంపు జమేదారు బడిలోకి వచ్చాడు. ఏదో సోదాలో దొరికిన ఫొటో తీసి నా ముక్కు ముందు పెట్టాడు. జాతరలో దిగిన మా నాయిన!

"ఎవరింటోడే పోరీ గీడు?"

నా గుండె చప్పుడుకు బడి పెంకులు కదిలాయి. ముప్పై మందికీ నాయిన తెలుసు. ఒక్క నోరు జారితే చాలు.

పంతులమ్మ మొహంలో నెత్తురు లేదు. గొంతు మాత్రం రోజూలాగే ఉంది. "చెప్పుండ్రి పిల్లలూ, బొమ్మల ఏమున్నది?"

"నెత్తికి రుమాలు" అన్నాను.

"మీసాలు!" "గొంగడి!" "కర్ర!" "చెవులు రెండు!"

"పేరు చెప్పుండ్రి, పేరు!" అని ఉరిమాడు జమేదారు.

"బొమ్మల పేరు లేదు సారూ" అన్నాం ముప్పై మందిమీ ఒకే గొంతుతో.

"పాగల్ పోరగాండ్లు! గిదేం బడి!" అంటూ ఫొటో జేబులో వేసుకుని వెళ్లిపోయాడు. పంతులమ్మ గోడకు ఒరిగి కూలబడింది. ఆ రోజు ఆమె పంచిన పల్లీలు సగం మా దోసిళ్లలో పడ్డాయి, సగం నేల మీద పడ్డాయి.

నాయిన మళ్లీ ఎప్పుడూ ఫొటో దిగలేదు. ఉన్న ఒక్కటీ జమేదారు జేబులోకి పోయింది. ముత్తాత ఎట్లుండేవాడని మనవరాలు అడిగితే కళ్లు మూసుకుని వరుసగా చెప్తాను. రుమాలు, మీసాలు, గొంగడి, కర్ర, చెవులు రెండు. పేరు మాత్రం ఇప్పటికీ ఒకసారి తలుపు వైపు చూసి, మెల్లగా చెప్తాను.