అట్ట కీబోర్డు మీద అమ్మమ్మ సాక్ష్యం

తల్లి గర్భంలో ఉన్నప్పుడే నన్ను ఎరిగి, ఇన్నేళ్ళూ నా మతిమరుపును సహిస్తూ, తాను మాత్రం దేనినీ మరచిపోని దేవునికి స్తోత్రం. ఆయన కృప లేకపోతే ఈ సంగతి రాసే ధైర్యం నాకు ఉండేది కాదు. మా సంఘంలో దీన్ని చాలాసార్లు నవ్వుతూ చెప్పడం మొదలుపెట్టాను గానీ, ఒక్కసారి కూడా నవ్వుతూ ముగించలేకపోయాను.

ఆ రోజుల్లో చోడవరంలో కంప్యూటరు నేర్చుకోవడమంటే చెప్పులు బయట విడిచి లోపలికి వెళ్ళవలసిన వ్యవహారం. బస్సు కాంప్లెక్సుకు దగ్గరలో బట్టల కొట్టు పైన ఒక గది, అందులో ఆరు కంప్యూటర్లు, వాటికి ప్లాస్టిక్ తొడుగులు, గోడకు ఒక ఏసీ (అది కంప్యూటర్ల కోసమే గానీ మన కోసం కాదని సారు మొదటి రోజే చెప్పేశారు). ఇంటర్ పాసై ఖాళీగా ఉన్న నన్ను మా నాన్న మూడు నెలల కోర్సులో చేర్పించారు. బుచ్చయ్యపేట వైపునుంచి బస్సులో వచ్చి, మెట్లెక్కి, చెప్పులు విప్పి ఆ చల్లటి గదిలోకి అడుగుపెట్టగానే ఆరాధనకు వచ్చినట్టే అనిపించి, అలవాటు కొద్దీ చున్నీ తల మీదకు లాక్కున్నాను. మౌసు కదపమంటే గాల్లోకి ఎత్తి తెరకు చూపించాను. డెస్క్‌టాప్ శుభ్రంగా ఉంచుకోవాలని సారు అంటే, అదే చున్నీ చెంగుతో బల్లంతా తుడిచాను. తెర మీద చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న బొమ్మలను సర్దమంటున్నారని తెలిసేసరికి బల్ల మాత్రం అద్దంలా మెరిసిపోతోంది.

ఆ వారంలోనే, మా పేర్లు టైపు చేయించి, సారు ఒక్కొక్కరి వెనకా నిలబడి చూస్తూ నా దగ్గరకు వచ్చారు. "సేవ్ చేసేవా అమ్మా?" అని అడిగారు. నాకు వినబడింది 'సేవ'. పుట్టినప్పటినుంచీ సంఘంలో విన్న మాట అది, వేరే అర్థం ఉంటుందని ఎలా అనుకుంటాను? వినయంగా లేచి నిలబడి, "చేస్తానండి. ఆదివారం బడి నేనే చెప్తాను. చాపలు కూడా నేనే పరుస్తాను" అన్నాను. గది గదంతా నవ్వింది. సారు కూడా నవ్వాపుకోలేక ఏసీ వైపు తిరిగిపోయారు. కోర్సు అయ్యేవరకూ నా పేరు సేవమ్మే.

ఇంటికొచ్చి ఈ అవమానమంతా అమ్మమ్మకు చెప్పుకున్నాను. మా అమ్మకు అమ్మ, మాతోనే ఉండేది. రెండు కళ్ళలోనూ పొర కమ్మి, మనిషి కదిలితే నీడలా కనిపించేది, అంతే. ఆమె నవ్వలేదు. కంప్యూటరులో కూడా సేవ ఉంటే అది మంచి చదువేనని తీర్మానించేసింది.

ఇళ్ళల్లో కంప్యూటర్లు లేనివాళ్ళు అట్ట మీద కీబోర్డు గీసుకుని వేళ్ళు అలవాటు చేసుకోవాలని సారు చెప్పారు. నేను పాత చర్చి క్యాలెండరు వెనక గళ్ళు గీసి, అక్షరాలు రాసి, బిస్కెట్ల పెట్టె అట్టకు అంటించాను. అసలు కీబోర్డులో ఎఫ్ మీదా జె మీదా వేలికి తగిలే చిన్న గీతలు ఉంటాయి కదా, వాటి బదులు రెండు అన్నం మెతుకులు అతికించి ఎండబెట్టాను. రోజూ సాయంత్రం అరుగు మీద కూర్చుని ఎ ఎస్ డి ఎఫ్ అంటూ టకటకలాడించేదాన్ని. నాలుగో రోజుకు విసుగొచ్చింది. అమ్మమ్మ పక్కనే కూర్చుని ఏదో చెప్తూ ఉండేది కదా, ఆ మాటలనే ఇంగ్లీషు అక్షరాల్లో కొట్టడం మొదలుపెట్టాను. ఆ చప్పుడు విని ఆమె మెల్లగా అడిగింది.

"ఒసే గుంటా, అది కంప్యూటరేనేటే?"

తమాషాకే అన్నాను, అవునని.

"ముట్టుకుంటే కరెంటు కొడతాదేటి?"

"కొడతాది. నువ్వు ముట్టుకోకమ్మమ్మా."

"నాను సెప్పినదంతా అందులోకి ఎక్కుతాదా?"

ఎక్కుతుందన్నాను. ఆ మాటతో అమ్మమ్మ కాళ్ళు సర్దుకుని, తల మీద కొంగు వేసుకుని, గొంతు సవరించుకుంది. అప్పుడే నాకు భయం వెయ్యాల్సింది, వెయ్యలేదు. సంఘంలో అందరూ లేచి, దేవుడు తమ బతుకులో చేసిన మేలును సాక్ష్యంగా చెప్తారు గానీ, అమ్మమ్మ ఎన్నడూ చెప్పలేదు. పదిమందిలో నిలబడితే ఆమెకు నోరు ఎండిపోయేది. తన సాక్ష్యం ఎవరైనా రాసిపెడితే, తనను మట్టిలో పెట్టే రోజున సంఘం ముందు చదివించాలన్నది ఆమెకున్న ఒకే ఒక్క కోరిక. చదువు రాదు. ఇప్పుడు మనవరాలి దగ్గర కంప్యూటరు ఉంది.

ఆ సాయంత్రంనుంచి రోజుకు కొంచెం చొప్పున చెప్పింది. పెళ్ళయి వచ్చిన ఇల్లు, మొదటిసారి దేవుని వాక్యం విన్న వేళ, శారదా నదిలో బాప్తిస్మం పొందిన రోజు. అప్పట్లో ఆమె చుట్ట నిప్పును నోట్లో పెట్టుకుని అడ్డపొగ తాగేదట. నీళ్ళలో దిగేముందు చుట్టను కొప్పులో దాచుకుంటే అది కూడా తనతోపాటు మునిగి లేచిందనీ, తడిసిపోయింది కాబట్టి ఆ రోజుతో మానేశాననీ చెప్పింది. చెప్పడం అయ్యాక రోజూ ఒకటే మాట, "సేవ సేసేవేటే?" నేను "సేసేనమ్మమ్మా" అనేదాన్ని. ఆమె "స్తోత్రం" అని లేచిపోయేది.

అబద్ధం కాదనిపించుకోవడానికి నేనూ ఒక ఏర్పాటు చేసుకున్నాను. సారును అడిగితే శనివారాలు అరగంట కంప్యూటరు వాడుకోనిచ్చారు. మొదటి శనివారం 'అమ్మమ్మ సాక్ష్యం' అని ఫైలుకు పేరు పెట్టి, రెండు మాటలు కొట్టి, సేవ్ కూడా చేశాను. అంతలో పక్క అమ్మాయి మౌసు బాగా అలవాటు అవుతుందంటూ పేకముక్కల ఆట చూపించింది. విశ్వాసుల ఇంట్లో పుట్టి పేకముక్కను చేత్తో తాకని దాన్ని, తెర మీద రాణినీ రాజునూ లాగి పెట్టడం తాకినట్టు కాదని నాకు నేనే బోధించుకున్నాను. గెలిస్తే ముక్కలన్నీ గంతులేస్తూ కిందకు దూకేవి. ఆ గంతులు చూడడానికే తర్వాతి శనివారాలన్నీ సరిపోయాయి. అమ్మమ్మేమో కూడిక అయ్యాక కనబడినవారికల్లా తన సాక్ష్యం కంప్యూటరులోకి ఎక్కుతోందని చెప్పుకుంటోంది. పాస్టరు గారికి కూడా చెప్పింది.

ఒక సాయంత్రం ఆమె నాకు ఇంకా దగ్గరగా జరిగి కూర్చుంది. తర్వాత చాలా చిన్న గొంతుతో మొదలుపెట్టింది. మా అమ్మకంటే ముందు ఒక ఆడపిల్ల పుట్టిందట. తొమ్మిది నెలల పిల్లను జ్వరంతో ఎత్తుకుని చోడవరం నడిచి వస్తుంటే దారిలోనే పోయిందట. ఆ తర్వాత ఇంట్లో ఎవరూ ఆ పేరు పలకలేదట.

"ఆ పేరు ఎత్తేవోలు ఇంకెవులూ లేరే అమ్మా. అదీ ఎక్కించీ" అని, ఆ పేరు చెప్పింది.

ఆ క్షణంలో నేనేం చేస్తున్నానో రాయాలంటే నాకు సిగ్గు. ఎస్ అక్షరాన్ని ఎడమచేతి ఉంగరపు వేలితోనే కొట్టాలని సారు నన్ను రోజూ తిట్టేవారు. ఆ వేలు ఒంటరిగా లేచేది కాదు, నడిమి వేలినీ వెంట లాక్కొచ్చేది. ఆ సాయంత్రం మొదటిసారి అది ఒంటరిగా లేచి, నేరుగా ఎస్ మీద పడింది. నా చూపంతా దాని మీదే ఉంది, సంతోషంతో పొంగిపోయాను. వేలిని చూశాను గానీ పేరు వినలేదు. ఆమె "సేవ సేసేవేటే?" అంది. చేశానన్నాను.

చెరకు నరికే రోజుల్లో ఒక మధ్యాహ్నం, గంజి తాగి పడుకున్న అమ్మమ్మ ప్రభువునందు నిద్రించింది. మర్నాడు భూస్థాపన. సాక్ష్యం కాగితం మీద తీయించి తీసుకురమ్మని పాస్టరు గారు నాన్నతో చెప్పి పంపారు. ఏడుస్తూ బస్సెక్కి చోడవరం వెళ్ళాను. ఏదో ఒక అద్భుతం జరిగి ఆ అట్ట మీది మాటలన్నీ ఆ ఫైలులో ఉంటాయని దారి పొడవునా ప్రార్థించాను (నా విశ్వాసం అలాంటిది, నవ్వుకోండి). సారు ఫైలు తెరిచారు. 'నా పేరు' అని రెండు మాటలు, వాటి పక్కన ఆరుతూ వెలుగుతూ ఒక నిలువు గీత. ఆయన ఇంకా ఉందేమోనని కిందకు కిందకు జరిపి చూశారు. అంతా తెల్లగా ఉంది.

"మిగతాది సేవ్ చెయ్యలేదా అమ్మా?"

"సేవ చెయ్యలేదు సార్" అన్నాను.

ఈసారి గదిలో ఎవరూ నవ్వలేదు.

సమాధి దగ్గర సంఘమంతా నిలబడి ఉండగా ఉన్నది ఉన్నట్టు ఒప్పుకున్నాను. పాస్టరు గారు నన్ను తిట్టలేదు, జ్ఞాపకం ఉన్నంత నోటితో చెప్పమన్నారు. ఒక్క మాటా రాలేదు. చేతిలో ఉన్న బైబిలు అట్ట మీద తెలియకుండానే వేళ్ళు ఆనించాను. అవి కదిలాయి, వాటి వెంట మాటలు వచ్చాయి. చుట్ట మునిగి లేచిన చోట ఏడుస్తున్నవాళ్ళు కూడా నవ్వారు. తర్వాత తొమ్మిది నెలల పిల్ల దగ్గరకు వచ్చాను. ఉంగరపు వేలు ఒంటరిగా లేచి ఎస్ ఉండే చోట పడి ఆగిపోయింది. దాని తర్వాత ఏ వేలూ లేవలేదు.

ముందు వరసలో మా అమ్మ నా వైపే చూస్తోంది. తనకొక అక్క ఉండేదని ఆమెకు అప్పటివరకూ తెలియదు. దగ్గరకు వచ్చి, నాకు మాత్రమే వినబడేలా అడిగింది.

"దాని పేరేటే?"

నాకు తెలియదన్నాను.

ఇప్పుడు నేను చోడవరంలోనే, ధ్రువపత్రాలు ఇచ్చే ఒక సేవా కేంద్రంలో ఆపరేటరుని (చివరకు సేవలోకే వచ్చాను చూడండి). పుట్టిన పిల్లల పేర్లు కూడా నేనే ఎక్కిస్తాను. ఒక్కో అక్షరం పలికించుకుని, మళ్ళీ చదివి వినిపించి, పేరు పూర్తయ్యేలోపే రెండుసార్లు సేవ్ చేస్తాను. నా పక్కన కూర్చునే అమ్మాయికి నవ్వు. చిటికెన వేలు కంట్రోల్ మీద, ఉంగరపు వేలు ఎస్ మీద. ఆ వేలు దిగిన ప్రతిసారీ తర్వాతి అక్షరం కోసం ఒక్క రెప్పపాటు ఎదురుచూస్తాను. మా అమ్మ కూడా కూర గిన్నె దించుతూనో, బట్టలు మడతపెడుతూనో ఉన్నట్టుండి, "సూరమ్మేమోనే", "సన్నాసమ్మేమోనే" అంటుంది. ఒళ్ళో వేళ్ళు ఆడించి చూస్తాను. అన్నీ ఎస్ మీద బాగానే మొదలవుతాయి. అట్ట కీబోర్డు బీరువా వెనకాల ఉంది. ఎఫ్ మీది మెతుకు చీమలు పట్టుకుపోయాయి, జె మీదిది ఇంకా ఉంది. ఆ అట్టను తీసి చూసినప్పుడల్లా చున్నీతో బల్ల తుడిచిన ఆ పిల్ల కళ్ళ ముందు నిలబడుతుంది. ఆ పిల్ల మీద కోపం ఎప్పుడో పోయింది. వేలు సరిగ్గా లేచినందుకు అది పొంగిపోయిన తీరు తలచుకుంటే ఇప్పటికీ పెదవుల మీదకు చిన్న నవ్వు వస్తుంది, కళ్ళలోకి మాత్రం ఇంకొకటి వస్తుంది.

ఇది చదివిన మీరు నాతో కలిసి ఒక్క చిన్న ప్రార్థన చెయ్యండి. ప్రభువా, మా చేతుల్లోంచి జారిపోయినవన్నీ నీ గ్రంథంలో ఉన్నాయి, ఈ పేరును కూడా జ్ఞాపకం చేసుకో, అనండి. పేరు చెప్పవలసిన చోట ఊరికే ఒక్క క్షణం ఆగండి. అక్కడ ఏముండాలో ఆయనకు తెలుసు. ఆమెన్.