ఉప్పుటేటి వంతెన తిప్పిన కడ్డీ

సరుకు కట్టిన తాడు వదులై లారీ ఆగింది గనక సరిపోయింది, లేకపోతే ఊళ్ళో అందరూ వంతెనాయన అనే ముసలాయన దాన్ని దాటుకుని కట్ట మీద ముందుకు వెళ్ళిపోయేవాడే. ఉప్పుటేటి మీది పాత రైలు వంతెనను విప్పేస్తున్నారని పొద్దున కూతురు చెప్పింది. వినగానే చెప్పుల్లో కాళ్ళు పెట్టాడు. వంతెన ఏమైపోయినా సరే, దాన్ని తిప్పిన కడ్డీ ఒక్కటి ఆయనకు కావాలి. ఏళ్ళ తరబడి దాని ఒక కొస పట్టుకుని నడిచిన భార్య పోయి ఏడాది అయింది.

లారీ నిండా పాత ఇనుము. పట్టాల ముక్కల మీద అదే కడ్డీ.

"ఏంటి పెద్దాయనా, దెయ్యాన్ని చూసినట్టు చూస్తున్నావ్?" అన్నాడు తాడు బిగిస్తున్న డ్రైవరు.

"అది నా కడ్డీ."

"నీ పేరేమన్నా రాసుందా?"

"పేరు లేదు. ఒక కొసన నంబరుంటుంది చూడు. అది నా వైపు."

తాడు బిగిసేలోపు డ్రైవరుకు కథంతా చెప్పేశాడు.

నీళ్ళకూ రైలుకూ పొత్తు కుదరదు. పట్టాలు రాకముందు ఆ ఏరు పడవలది. పోటు నీటితో లోపలికి, ఆటు నీటితో సముద్రానికి, అడిగేవాడు లేడు. రైలొచ్చాక వంతెన పడింది, తెరచాప కొయ్యలు దాని కింద పట్టలేదు. ఎవరో ఇంజనీరు బుర్రపెట్టి, నడిమి భాగాన్ని ఒకే స్తంభం మీద తిరగలిలా తిరిగేట్టు కట్టాడు. కడ్డీ నడిమి కాడను స్తంభం నెత్తినున్న గుంటలో దించి, చెరో కొసనున్న చెక్క పిడీ పట్టుకుని ఇద్దరు గానుగెద్దుల్లా చుట్టూ నడిస్తే, వంతెన పక్కకు తిరిగి పడవలకు దారిచ్చేది. పోటూ రైలూ ఒక్కసారే వచ్చాయా, కరవమంటే కప్పకు కోపం, విడవమంటే పాముకు కోపం. కింద నుంచి పడవవాళ్ళు తిట్టేవాళ్ళు, ఫోన్లో స్టేషను మాస్టరు తిట్టేవాడు.

పని ఇద్దరిది, వేసింది ఒక్కణ్ణి. రెండో మనిషి వచ్చేదాకా అని కొత్త పెళ్ళాన్ని పిలిచాడు. ఆ రెండో మనిషి రానే లేదు. కడుపుతో ఉన్నప్పుడూ, కూతుర్ని వీపున కట్టుకునీ ఆమే నడిచింది. ఆయన ఒక చేత్తో జెండా పట్టుకుని, రైలొస్తుందేమోనని మెడ వెనక్కి తిప్పి నడిచేవాడు. నంబరున్న పిడి సర్కారు ఉద్యోగిదనీ, నంబరు లేనిది షికారుకొచ్చినవాళ్ళదనీ పడవవాళ్ళకు వినపడేట్టు వేళాకోళమాడేవాడు. నడుం పట్టేసిందని ఆమె అంటే, "తోసేది నేను, పట్టేది నీకా?" అనేవాడు. ముందు ఆమే నవ్వేది.

తర్వాత సరుకంతా లారీలెక్కింది. పడవలు ఒక్కొక్కటే ఒడ్డున బోర్లా పడ్డాయి. వంతెన ఇక తిరగకుండా బోల్టులు బిగించేశారు. ఇప్పుడు పక్కన కాంక్రీటు వంతెన లేచింది, రైలు ఏటిని పలకరించకుండానే దాటిపోతోంది. ఆమె నడుం మాత్రం ఆ తిరుగుడు మరిచిపోలేదు. చివరి రోజుల్లో మంచం మీద పక్కకు ఒత్తిగిలాలన్నా ఆయనే పట్టి తిప్పేవాడు.

డ్రైవరు మంచివాడు. ఇంత ఇనుములో ఒక్క కడ్డీని ఎవరడుగుతారులే, తీసుకుపొమ్మని చెయ్యిచ్చి పైకి లాగాడు. ముసలాయన ముందు తన కొస చూసుకున్నాడు. చెక్క పిడి మీద కాల్చి వేసిన నంబరు చెక్కుచెదరలేదు. వడ్రంగి చిత్రిక పట్టిన గీతలు కూడా అలాగే ఉన్నాయి. ఇనుము మీద పాకుతూ రెండో కొసకు వెళ్ళాడు. ఆ పిడి సగానికి అరిగిపోయి, వేళ్ళ గుంటలు పడి ఉంది. తన వేళ్ళు వాటిలో పెట్టి చూశాడు. పట్టలేదు.

"మరి తోసిందెవరు పెద్దాయనా?" అన్నాడు డ్రైవరు నవ్వుతూ. ఆయన ముఖం చూశాక నవ్వు మింగేశాడు. గబగబా వచ్చి అరిగిన పిడి తను అందుకుని, "ఆ కొస నువ్వు పట్టు, ఇంటిదాకా దింపొస్తా" అన్నాడు.

ముసలాయన నంబరున్న కొసకు వచ్చి వంగాడు. చేతులు పిడి దాకా వెళ్ళి ఆగిపోయాయి. దాన్ని ముట్టకుండానే లారీ దిగాడు.

డ్రైవరు రెండో కొస పట్టుకుని ఇంకా వంగే ఉన్నాడు. ముసలాయన కట్ట మీద ఏటి వైపు నడిచిపోయాడు. మెడ వెనక్కి తిప్పలేదు.