మూడో ఇంటి భోజనం

ఉదయం ఎనిమిదిన్నరకు మా ఆయన వ్యాను వెనక తలుపు మూసి, గొళ్ళేనికి తాడు చుట్టి ముడివేశారు. గతుకుల్లో ఆ తలుపు ఊడి తెరుచుకునేది. రోజూ చేసే పనే. ఆ రోజు మాత్రం పక్కసీట్లో నేను కూర్చున్నాను.

దయ్యాల సంగతి ముందే చెప్పేస్తాను. విజయవాడలో ఓ ప్రాథమిక పాఠశాలలో నేను టీచరుగా పనిచేశాను. బడి వెనక చింతచెట్టు మీద ఏదో ఉందని పిల్లలు బెదిరిపోతుంటే, వారంపాటు క్లాసు ఆ చెట్టు కిందే పెట్టాను. ఎవరికీ ఏమీ కాలేదు. పోయినవాళ్ళు తిరిగొస్తారని అప్పుడూ అనుకోలేదు, ఇప్పుడూ అనుకోను. నేను చెప్పబోయేది జరిగిన రోజు మా ఆయన బతికే ఉన్నారు.

ఇది డెబ్బైల మొదట్లో మాట. ఆయన పేరు కోటేశ్వరరావు. సత్యనారాయణపురంలో పేరయ్యగారని వంటల కాంట్రాక్టరు ఉండేవారు. అంతకుముందు పెళ్ళికైనా మరి దేనికైనా వంటవాళ్ళే ఊరికి వెళ్ళి, గాడిపొయ్యి తవ్వి వండేవాళ్ళు. పేరయ్యగారు తన షెడ్డులోనే వండించి వ్యానులో పంపడం మొదలుపెట్టారు. ఆ వ్యాను మా ఆయన నడిపేవారు. పొద్దున ఒకేసారి రెండు మూడిళ్ళ వంట ఎక్కించుకుని, ఊరూరా ఒక్కో ఇంటి దగ్గర దింపుకుంటూ పోవాలి. అన్ని ఇళ్ళవాళ్ళకూ మిట్టమధ్యాహ్నానికే భోజనం కావాలి.

నెమ్మదిగా పోతే అన్నం చల్లారి ముద్దకడుతుంది. తొందరపడితే సాంబారు చిందుతుంది. గంగాళాల మూతలకు తడిగుడ్డ బిగించి కట్టినా చిందేది. దింపేటప్పుడు పాదాల మీద పడేది. ఆయన పాదాల మీద కాలిన గాయం ఒకటి మానేలోపు ఇంకొకటి వచ్చేది. రోజంతా అన్నం మధ్య తిరిగి, ఏ ఇంట్లోనూ తినేవారు కాదు. డ్రైవరును పంక్తిలోకి ఎవరూ పిలవరు. పిలిచినా ఇంకో ఇంటికి వేళ మించిపోతుంటుంది. సాయంత్రం ఇంటికొచ్చి ఇంత మజ్జిగ తాగి పడుకునేవారు.

ఆ పనిలో ఒక కట్టుబాటు ఉండేది. పెళ్ళివంట, చావింటి వంట ఒక బండిలో కలవకూడదు. కానీ బండి ఒకటే. అందుకని శుభకార్యాల ఇళ్ళు ముందు, పెద్దకర్మ జరిగే ఇల్లు చివర. దారిలో ఆ ఇల్లే ముందు తగిలినా ఆపకుండా దాటిపోయి, పెళ్ళింట్లో దింపి, వెనక్కి తిరిగి రావాలి. ఈ సంగతి పెళ్ళివాళ్ళకు తెలియకూడదు. తెలిస్తే వంటంతా పారబోయిస్తారు.

ఆ ఏడు మాఘమాసం పెళ్ళిళ్ళకు ముందే ఆయనకు ఒకసారి గుండెనొప్పి వచ్చింది. ఇక బరువులెత్తితే ప్రాణానికే ముప్పని డాక్టరు చెప్పాడు. "మాఘం వెళ్ళనీ, మానేస్తాను" అన్నారు ఆయన. ఎప్పుడూ సాయం వెళ్ళే వెంకన్నకు కామెర్లు వచ్చాయి. ఆ రోజు ఆదివారం, బడి లేదు కాబట్టి నేను బయల్దేరాను. గంగాళానికి రెండు చెవులుంటాయి. ఒకటి నేను పట్టుకుంటే ఆయనకు సగం బరువు తగ్గుతుందనుకున్నాను. ఆ నెల ఆయన్ను గట్టెక్కించుకోవాలి. అంతకుమించి నాకేమీ అక్కర్లేదు.

కంకిపాడులో గృహప్రవేశం. అక్కడ దింపడం సాఫీగానే అయింది. ఉయ్యూరు దగ్గర చెరుకుబళ్ళు అడ్డం పడ్డాయి. రోడ్డు పొడుగునా ఎద్దులు తలలు వంచుకుని నిలబడి ఉన్నాయి.

"ఒరే అబ్బాయ్, కాస్త పక్కకి కొట్టరా! పెళ్ళివంట!" అని మా ఆయన కేకేశారు.

చెరుకు మీద వెల్లకిలా పడుకున్న మనిషి లేవనైనా లేవలేదు. "మా పిల్ల పెళ్ళి కూడా ఈ చెరుకు తూకమయితేనే బాబాయ్. కూకో."

ఆయన నవ్వారు. నవ్వుతూనే ఎడమచేత్తో ఛాతీ రాసుకోవడం చూశాను.

పామర్రు మీదుగా వెళ్ళి కూచిపూడి దాటాక, పెద్దకర్మ జరిగే ఊరు వచ్చింది. ఆ ఊరి పేరు రాయను. రోడ్డు నుంచి చీలిన వీధి చివర పందిరి కనిపించింది. వీధి మొగలో కొంతమంది నిలబడి మా వ్యాను కేసే చూస్తున్నారు. ఒకాయన చెయ్యి ఎత్తాడు. మా ఆయన ఆపలేదు.

"మన కోసమే చూస్తున్నారు" అన్నారు. "పొద్దుటి నుంచి మంచినీళ్ళు కూడా ముట్టి ఉండరు."

పెళ్ళి చల్లపల్లిలో. పెళ్ళికూతురి మేనమామ గేటు దగ్గరే కాచుకుని ఉన్నాడు. "ఏవయ్యా, సాంబారు తెచ్చావా, కాలవనీళ్ళు తెచ్చావా? ఇంతసేపా?"

"సాంబారేనండీ. కాలవనీళ్ళయితే మాకన్నా ముందే వచ్చేవి" అన్నారు మా ఆయన. చుట్టూ ఉన్నవాళ్ళు నవ్వారు. అది బాగానే గడిచింది.

మేమిద్దరం చెరో చెవీ పట్టి ఒక్కోటీ దింపుతున్నాం. ఆఖరు గంగాళం దింపాక మేనమామ వ్యానులోకి తొంగిచూశాడు.

"ఇంకా ఉన్నయ్‌గా లోపల? అవీ దించు."

"అవి వేరే ఊరివండీ."

"ఏం కార్యం?"

మా ఆయన తలుపు దగ్గరగా వేశారు. "బారసాలండీ."

"బారసాలేగా! ఉయ్యాల్లో పిల్లాడికి తొందరేముందయ్యా? మా మొదటి పంక్తి లేచేదాకా బండి కదలడానికి వీల్లేదు. చాలకపోతే అవే వడ్డిద్దాం."

నిజం చెప్పడానికి లేదు. ఆ వంట అక్కడ దింపడానికి అసలే లేదు. వెళ్ళడానికీ లేదు. వ్యాను నీడలో ముందుచక్రానికి ఆనుకుని ఆయన కూర్చున్నారు. నేను పక్కన కూర్చున్నాను. చెయ్యి పట్టుకుంటే చల్లగా, తడిగా ఉంది.

"నొప్పిగా ఉందా?"

"అది కాదు అనసూయా. ఆ ఇంట్లోవాళ్ళు ఆకలితో ఉన్నారు" అని కళ్ళు మూసుకున్నారు.

రోడ్డుకు అవతల కాఫీ హోటల్లో రేడియో పెట్టి ఉంది. మధ్యాహ్నం తెలుగు వార్తలు వస్తున్నాయి. కాసేపయ్యాక "ఏమండీ" అని పిలిచాను. పలకలేదు. భుజం పట్టుకుని కుదిపి మళ్ళీ పిలిచాను. ఊపిరి ఆడుతోంది, మనిషి మాత్రం కదల్లేదు. మొహం మీద నీళ్ళు చల్లుదామని లేవబోయాను గాని, ఆయన చెయ్యి వదలాలంటే భయం వేసింది. కూర్చుండిపోయాను. వార్తలు అయిపోయి ఏవో పాటలు మొదలైన తరువాత ఆయనే కళ్ళు తెరిచి, "పద" అన్నారు. అప్పటికి మొదటి పంక్తి లేస్తోంది. పెళ్ళివాళ్ళకు వంట సరిపోయింది. మమ్మల్ని వదిలేశారు.

ఆ సమయమంతా ఆయన చెయ్యి నా చేతిలోనే ఉంది. ఇది నేను ఎవరి ముందైనా చెప్పగలను.

పెద్దకర్మ ఇంటి ముందు వ్యాను ఆగేసరికి తిట్లకు సిద్ధపడే దిగాను. పందిట్లో జనం తాంబూలాలు వేసుకుంటూ తీరుబడిగా కూర్చుని ఉన్నారు. పొద్దున చెయ్యి ఎత్తిన ఆయన లేచి ఎదురొచ్చాడు. పోయిన పెద్దాయనకు అల్లుడట.

"ఏమండీ, మళ్ళీ వచ్చారే? గిన్నె ఏదన్నా మర్చిపోయారా?"

"ఆలస్యమైందండీ, ఏమనుకోకండి" అన్నాను నేను.

"ఆలస్యమేంటమ్మా! రేడియోలో వార్తలు వస్తుండగానే మీ ఆయన తెచ్చి దించారుగా. మా భోజనాలు కూడా అయిపోయినయ్."

పెరటి గోడ పక్కన ఎంగిలి విస్తళ్ళు కుప్పగా పడి ఉన్నాయి. కుక్కలు వాటి మీద పోట్లాడుకుంటున్నాయి.

పోయినాయనకు అక్కగారు, బాగా పెద్దావిడ, అరుగు మీద నుంచే మా ఆయన్ను చూసి పలకరించింది. "రా నాయనా. అంతంత గంగాళాలు ఒక్కడివే నెత్తిన పెట్టుకొచ్చావు, చెమటన్నా పట్టలేదు నీకు! ఏం తినకుండా పోతానంటే ఊరుకుంటానా? ఎంత కమ్మగా తిన్నావురా అయ్యా! మా తమ్ముడికి పెట్టుకున్నట్టే ఉంది నాకు."

మా ఆయన వ్యాను తలుపు పట్టుకుని నిలబడ్డారు. మొహంలో నెత్తురు చుక్క లేదు. "కాసిని మంచినీళ్ళు ఇప్పించండి" అన్నారు.

నేను అల్లుడుగారిని పక్కకు పిలిచి అడిగాను. వ్యాను వాళ్ళెవరూ చూడలేదు. బండి వీధి మొగలో ఆపానని వచ్చినాయన చెప్పారట. నీలం చొక్కా, భుజాన తువ్వాలు, పొద్దున మా ఆయన వేసుకుని బయల్దేరినవే. ఖాళీ గిన్నెలు ఆయనే మోసుకుపోయారట. మిగిలిన పులుసు వాళ్ళ ఇంటి గిన్నెలోకి తీసుకున్నామంటే చూపించమన్నాను. ఆ ఇంటి కోడలు తెచ్చి చూపించింది. గుమ్మడికాయ పులుసు. చేతిలో వేయించుకుని రుచి చూశాను. పేరయ్యగారి పులుసులో బెల్లం కాస్త ఎక్కువగా ఉంటుంది, పైన నువ్వులపొడి వేస్తారు. ఇదీ అంతే.

వ్యాను దగ్గరికొచ్చి మూతగుడ్డ విప్పాను. అదే పులుసు నిండుగా, ఇంకా వెచ్చగా ఉంది.

"కట్టెయ్" అన్నారు మా ఆయన మెల్లిగా. "వాళ్ళు తిన్నారు కదా. ఇంకేం కావాలి?"

దారిలో చెరుకు కొట్టేవాళ్ళ పాకల దగ్గర వ్యాను ఆపి ఆ వంటంతా వాళ్ళకు పెట్టించారు. ఎవరో ఎందుకో కూడా అడక్కుండా వాళ్ళు గిన్నెలు పట్టుకొచ్చారు. అక్కడ ఆయన్ను కూడా నాలుగు మెతుకులు తినమని బతిమాలాను.

"ఆకలి లేదు. కడుపు నిండుగా ఉంది అనసూయా, నిజంగా" అన్నారు. నాతో కాపురంలో పని రోజున ఆయన ఆ మాట అనడం అదే మొదలు. అలసటే అనుకున్నాను. ఆయన కుడిచేతికి పులుసు వాసన వస్తోంది. పొద్దుటి నుంచి గంగాళాలు దింపిన చెయ్యి, రాకేం చేస్తుంది? దాన్ని నేను సాక్ష్యంగా చెప్పను.

ఆ వారం తిరక్కముందే ఆయన పోయారు. పేరయ్యగారి షెడ్డు ముందు, స్టీరింగు మీద తల వాల్చి. బడికి మనిషి వచ్చి చెప్పాడు. నేను పరుగెత్తుకుంటూ వెళ్ళేసరికి ఆయన్ను అరుగు మీద పడుకోబెట్టి ఉన్నారు. వ్యాను లేదు. వంట ఎక్కించడం అప్పటికే అయిపోయిందని ఇంకో డ్రైవరును పిలిచి పంపారట. ఆ రోజు భోజనాలు అన్ని ఇళ్ళకూ వేళకే అందాయని తరువాత పేరయ్యగారు నాతో చెప్పారు. ఊరట కలిగిద్దామనే చెప్పారు.

వేసవి సెలవుల్లో నేనొక్కదాన్నే బస్సెక్కి ఆ ఊరు వెళ్ళాను. వాళ్ళు అదే చెప్పారు, ఒక్క ముక్క మారలేదు. ఆ పెద్దావిడ, ఆయన పోయారని వినగానే నా చేతులు పట్టుకుని ఏడ్చింది. ఏం తిన్నారని అడిగాను. అన్నీ తిన్నారంది. పెరుగు రెండోసారి వేయించుకుని, అందులో పులుసులోని గుమ్మడిముక్క నలుపుకుని తిన్నారంది. ఆయన ఇంట్లో అలాగే తినేవారు. అత్తగారు చిన్నప్పుడు అలవాటు చేశారు. ఇంకెవరూ అలా తినగా నేను చూడలేదు.

పేరయ్యగారు ఆ రోజు ఇంకో బండి పంపలేదు. ఆయనకున్నది ఆ ఒక్క వ్యానే. పక్క ఊరి వంటవాళ్ళెవరైనా పొరపాటున ఆ ఇంట్లో దించారేమో అనుకుంటే, తమ వంట పోయిందని అడిగినవాళ్ళు ఎవరూ లేరు. దుఃఖంలో ఉన్న ఇల్లు కాబట్టి ఒకరికి భ్రమ కలిగిందంటే ఒప్పుకోవచ్చు. పందిరి నిండా ఉన్నవాళ్ళ కడుపులు భ్రమతో నిండవు. నాకు తెలిసిన పుస్తకాలన్నీ తిరగేశాను. చదువుకున్నవాళ్ళను అడిగాను. కొందరు విని ఊరుకున్నారు, కొందరు నా ఆరోగ్యం సంగతి అడిగారు.

నన్ను బాధపెట్టేది ఆ వింత కాదు. నా పక్కన ఉన్న మనిషికి చెయ్యి ఎత్తే ఓపిక లేదు. అక్కడ కనిపించిన మనిషికి చెమటైనా పట్టలేదట. ఆ బలం ఎక్కడ నుంచి తెచ్చారో, దేన్ని ఖర్చుపెట్టి తెచ్చారో నాకు తెలియదు. తెచ్చింది మాత్రం వేళకు అన్నం అందించడానికి. ఇంకో నెల బతకడానికి కాదు.

ఏడాది తిరిగాక మా మరిది ఆబ్దికం పెట్టాడు. అన్నీ పద్ధతిగానే చేశాడు. వడ్డించిన విస్తరి ముందు నిలబడి, అన్నయ్య కడుపు నిండాలని దండం పెట్టుకో వదినా అన్నాడు. కడుపు నిండిందని ఆయన అన్న ఆ ఒక్క రోజు గుర్తొచ్చి నాకు చేతులు కలవలేదు. అప్పటి నుంచి మా ఇంట్లో ఆయన పేరున ఆబ్దికం పెట్టడం లేదు.