గేటు దగ్గరే ఆగిన ఫిల్టరు

మైనింగ్ జోరు మీదున్న రోజులవి. ఇనుప గనులున్న దోణిమలై కొండ దారిలో మా చిన్నాయనకు లారీలు తూచే కాటా ఉండేది. ఇంజనీరింగ్ ముగించి గాంధీనగర్ ఇంట్లో ఊరికే కూర్చోలేక, ఆ కాటా కంప్యూటరుకు ప్రోగ్రాము నేనే రాశాను. లారీ ఎక్కితే చాలు, బరువు చీటీ బయటికొచ్చేది. కొన్నాళ్లకు ఆ చీటీ నత్తనడక పట్టింది. డ్రైవర్లు హారన్లు మోగిస్తుంటే నాకు తల కొట్టేసినట్టయ్యేది. తప్పు నాది కాదు, ఆ పాత కంప్యూటరుదే అని అందరితో వాదించాను. నా నోటికి అడ్డేముంది!

రుజువు మాత్రం కావాలి. ఎక్కడ ఆలస్యమవుతోందో తెలియాలంటే ఆపరేటింగ్ సిస్టమ్‌కు గుండెకాయలాంటి కర్నెల్‌లోకి తొంగి చూడాలి. అక్కడ క్షణానికి వేల పనులు జరుగుతాయి. అన్నీ రాసుకుంటూ పోతే ఆ రాతకే కంప్యూటరు కూలబడుతుంది. అందుకని, ఆలస్యమైన పనులను మాత్రమే పట్టే చిన్న ఫిల్టరు ఒకటి కర్నెల్‌లోనే పెట్టాను. అందులో నేను రాసిన లూపు, అంటే వెనక్కి దూకి అవే ఆదేశాలను మళ్లీ మళ్లీ చేసే ముక్క, ముగియకుండా తిరుగుతూనే ఉండిపోయింది. కర్నెల్‌లో ఇరుక్కున్నదాన్ని ఆపేవాళ్లు ఉండరు. కంప్యూటరు బిగుసుకుపోయి, లారీలు రోడ్డుదాకా నిలిచాయి.

"ఇంగొగసారి కాటా నిలిచిందంటే నువ్వు ఈడికి రావద్దు పాపా. ఇంట్లోనే ఉండు," అన్నాడు చిన్నాయన. అరిచి ఉంటే నేనూ అరిచేదాన్ని. మెల్లగా అన్నాడు, అందుకే ఏడుపొచ్చింది.

కాటా పక్కనే కొండెక్కే దారికి గేటు ఉంది. మర్నాడు ఆ గేటు కాసే పెద్దాయన ఒక లారీని ఆపి బ్రేకులు చూస్తున్నాడు. డ్రైవరు విసుక్కున్నాడు.

"పోనీప్పా. బాగలేకుంటే నడుమలో ఎనక్కి తిప్పుకొస్తా."

"బేడప్పా బేడ, వద్దు! లోపల ఎనక్కి తిప్పేది లేదు. ముందుకే పోవల్ల, ఆ పక్క దిగల్ల. చూసేది ఏమున్నా ఈడే చూడల్ల."

టీ గ్లాసు అక్కడే వదిలేసి పరుగెత్తాను. నా ఫిల్టరుకూ గేటు పెడితే? కర్నెల్‌లోకి పంపకముందే ప్రతి ఆదేశాన్నీ చూడాలి. దూకితే ముందుకే దూకాలి. వెనక్కి దూకనిది ఎప్పుడో ఒకప్పుడు ముగిసి తీరుతుంది కదా! ఫిల్టరు తనకిచ్చిన మెమరీ తప్ప వేరేది ముట్టకూడదు. వారం రోజులు నాకు తిండి ధ్యాస లేదు. ఆ తనిఖీ రాసి, ఇంటి కంప్యూటరులో పదేపదే పరీక్షించాను.

ఆ తర్వాత కాటాకు వెళ్లి, చిన్నాయన చూస్తుండగా, కావాలనే ఆ పాత ఫిల్టరునే లోపలికి పంపాను.

"అదేనా, మొన్నటిది?" ఆయన గొంతు మారింది.

"అదే." బయట లారీ కాటా ఎక్కింది.

'ఏడో ఆదేశం వెనక్కి దూకుతోంది, అనుమతి లేదు' అని తెర మీద పడింది. చీటీ ఎప్పటిలాగే వచ్చింది. నేను కేక పెట్టాను. నా రాతను నా గేటే తిప్పి పంపిందని అంత సంతోషం నాకు మళ్లీ ఎప్పుడూ కలగలేదు.

వెంటనే సరిచేసిన ఫిల్టరును పంపాను. నాలుగు లారీలు తూగేలోపే దొంగ దొరికింది. ప్రతి చీటీకీ పాత చీటీలున్న ఫైలునంతా ఎవరో మొదటి నుంచి చివరిదాకా చదివిస్తున్నారు.

"ఎవురు చేసిందది?" అన్నాడు చిన్నాయన.

ఇన్నాళ్లూ కంప్యూటరును తిట్టిన నోటితోనే చెప్పాను.

"నేనే చిన్నాయనా. నా ప్రోగ్రామే."

ఆయన బరువు చీటీని డ్రైవరు చేతికిచ్చి నా వైపు తిరిగాడు.

"మరి నువ్వు ఇంట్లో ఉంటే దాన్ని సరిచేసేదెవురు? రేపు పెందలాడే రా."